తప్పు జవాబు దాకా ఆడి చూడండి

పాలకుర్తిలో, బమ్మెరలో, వల్మిడిలో, ఈ చుట్టుపక్కల ఊళ్లలో పొద్దంతా పని చేసుకొని ఇప్పుడు రేడియో దగ్గర కూర్చున్న తల్లులకు, తండ్రులకు, మనవలను కనిపెట్టుకొని ఉండే తాతలకు, నాయనమ్మలకు ఈ మాటలు చెబుతున్నాను.

పిల్లల ఫోనులో ఉండే ఒక రకం ఆట గురించి ఈ కాసేపు మాట్లాడుకుందాం. ఆ ఆట పైకి లెక్కల పాఠంలా ఉంటుంది. రంగురంగుల బొమ్మలుంటాయి. హాయిగా పాట వినిపిస్తుంది. కూడిక లెక్క చేస్తే శభాష్ అంటుంది. ఆ తర్వాత ఎక్కడో ఒకచోట, ముందుగా ఏ సూచనా లేకుండా, తెర నిండా ఒక వికారమైన ముఖం వచ్చి పెద్దగా అరుస్తుంది. పిల్ల ఎగిరిపడుతుంది. ఫోను చేతిలోంచి జారిపోతుంది. ఆ రాత్రి లైటు ఆర్పనివ్వదు. పక్కలో అమ్మ ఉన్నా కళ్లు మూసుకోదు.

ఇలా ఉన్నట్టుండి మీద పడినట్టు భయపెట్టడాన్ని జంప్ స్కేర్ అంటారు. మీ ఇంట్లో ఏడో తరగతి చదివే పిల్లవాణ్ని అడగండి, ఈ మాట వాడికి తెలిసే ఉంటుంది.

మరి ఇంట్లో పెద్దవాళ్లకు ఇది ఎందుకు కనిపించదు? వాళ్లు చూడక కాదు. చూస్తారు. పిల్ల భుజం మీదుగా తొంగిచూస్తారు. తెర మీద ఐదూ మూడూ ఎంత అని కనిపిస్తుంది. "ఏం చేస్తున్నవు బిడ్డా?" అని అడుగుతారు. "లెక్కల ఆట నాయనమ్మా" అంటుంది పిల్ల. ఆ పిల్ల అబద్ధం చెప్పడం లేదు. తను చూస్తున్నదీ అదే. మంచిదేలే అనుకొని నాయనమ్మ పనిలో పడుతుంది. వాళ్లిద్దరూ చూసింది మొదటి లెవల్. బుగులును దాచిపెట్టింది రెండో లెవల్‌లోనో, మూడో లెవల్‌లోనో.

అందుకే ఈ రోజు నేను చెప్పదలచింది ఒకే ఒక్క పని. పిల్లలకు ఆట ఇచ్చే ముందు దాన్ని మీరు ఆడండి. ఆడుతున్నప్పుడు కావాలని తప్పు జవాబు ఇవ్వండి. తప్పు జవాబు దాకా ఆడి చూడండి.

తప్పు జవాబే ఎందుకు ఇవ్వాలో తెలియాలంటే ఒక ఆట కథ చెప్పాలి.

అది 2018 మార్చి 31. అమెరికాలో మైకా మెక్‌గోనిగల్ అనే ఆటల రూపకర్త ఒక చిన్న ఆటను ఇంటర్నెట్‌లో పెట్టాడు. పేరు బాల్డీస్ బేసిక్స్ ఇన్ ఎడ్యుకేషన్ అండ్ లర్నింగ్. తక్కువ రోజుల్లో ఆట తయారు చేసి చూపించే ఒక పోటీ కోసం చేసిన ఆట అది. 1990ల్లో అక్కడి ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చినప్పుడు, పిల్లలకు ఆటలో పాఠం చెప్పే సీడీలు చాలా అమ్ముడుపోయాయి. 1996లో వచ్చిన సోనిక్స్ స్కూల్‌హౌస్ అలాంటిదే. ఆ పాతకాలపు బడి ఆటలను ఎగతాళి చేస్తూ మెక్‌గోనిగల్ ఈ ఆటను తయారు చేశాడు. అందుకే బొమ్మలు కావాలని మోటుగా వేశాడు. గొంతులు కావాలని గీరుకుపోయినట్టు పెట్టాడు.

ఆటలో ఒక బడి ఉంటుంది. బాల్డీ అనే పంతులు ఉంటాడు. ఆకుపచ్చ చొక్కా, బట్టతల, దాని మీద ఒకే ఒక వెంట్రుక. చెయ్యి ఊపి రమ్మని పిలుస్తాడు. బడిలో ఏడు నోటు పుస్తకాలు వెతికి తేవాలి. ఒక్కో పుస్తకంలో మూడు లెక్కలు. మొదటి పుస్తకం తెరిస్తే అన్నీ చిన్న చిన్న కూడికలు, తీసివేతలు. మూడూ సరిగ్గా చేస్తే బాల్డీ మెచ్చుకొని ఒక నాణెం ఇస్తాడు. ఇక్కడిదాకా చూసిన ఏ తల్లయినా సంతోషిస్తుంది.

రెండో పుస్తకం తెరుస్తాం. మొదటి లెక్క తేలిక. రెండో లెక్క తేలిక. మూడో లెక్క దగ్గరికి వచ్చేసరికి అంకెలు ఒకదాని మీద ఒకటి పడి అలుక్కుపోతాయి. లెక్క చదివే గొంతు కూడా చెదిరిపోతుంది. ఆ లెక్కకు జవాబు లేదు. ఎంత తెలివైన పిల్ల అయినా తప్పాల్సిందే. ఏ జవాబు కొట్టినా తప్పే. ఆ క్షణాన బాల్డీ ముఖంలో నవ్వు పోతుంది. చేతిలో స్కేలు పట్టుకొని, దాన్ని చప్పుడు చేస్తూ, పిల్ల వెంట పడతాడు. ఇంకో తప్పు చేస్తే ఇంకా వేగంగా వస్తాడు. బడి నడవాల్లో ఆ స్కేలు చప్పుడు దగ్గరవుతూ ఉంటుంది. పట్టుకున్నాడా, చెవులు చిల్లులు పడే మోతతో ఆ ముఖం తెర మీదికి దూసుకొస్తుంది.

ఇప్పుడు తెలిసింది కదా, తప్పు జవాబు ఎందుకు ఇవ్వమన్నానో. మనం పెద్దవాళ్లం రెండు లెక్కలు సరిగ్గా చేసి, బాగానే ఉందని ఫోను తిరిగి ఇచ్చేస్తాం. ఆటలోని భయమంతా తప్పు జవాబు వెనకాల ఉంది. సరైన జవాబులు ఇచ్చినంతసేపూ అది మనకు కనిపించదు. పిల్లలు తప్పులు చేస్తారు. నేర్చుకునే వయసు వాళ్లది. కాబట్టి ఆ ముఖం ముందు వాళ్లకే ఎదురవుతుంది.

ఆ ఆటను నేను తీసిపారేయడం లేదు. అది తెలివైన ఆట. బడి భయాన్ని, పంతులు స్కేలు భయాన్ని మెక్‌గోనిగల్ బాగా పట్టుకున్నాడు. పెద్ద పిల్లలు ప్రపంచమంతా దాన్ని ఇష్టంగా ఆడారు. అయితే ఎగతాళి అర్థం కావాలంటే అసలు సంగతి తెలిసి ఉండాలి. మన పిట్టలదొరను గుర్తు చేసుకోండి. ఖాకీ బట్టలు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకీ. తనకు ఎన్ని ఆస్తులున్నాయో, ఎంత దర్జా ఉందో కోతలు కోస్తూ ఉంటే ఊరంతా నవ్వేది. దొరల దర్పం ఎలా ఉంటుందో ఆ జనానికి తెలుసు. అందుకే నవ్వు వచ్చింది. దొర అంటేనే తెలియని పిల్లవాడికి పిట్టలదొర ఎవరో తుపాకీ పట్టుకున్న మనిషి, అంతే.

బాల్డీ ఆటలోనూ అదే జరుగుతుంది. 1990ల నాటి అమెరికా బడి ఆటలు పాలకుర్తిలో మూడో తరగతి చదివే పిల్ల ఎన్నడూ చూడలేదు. ఆ పిల్లకు అందులో ఎగతాళి కనిపించదు. నిజం పాఠమే కనిపిస్తుంది. పైగా మన పిల్లలకు ఫోను అంటే బడి కూడా. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. కరోనా వల్ల బడులు మూసి ఉన్న ఆ రోజుల్లో ఎన్నో ఇళ్లలో ఉన్న ఒక్క ఫోనే నల్లబల్ల అయింది. ఆ తెర మీద లెక్కలు కనిపిస్తే పిల్లలు నమ్ముతారు. మనమూ నమ్ముతాం. ఎగతాళి వాళ్లకు అందదు, భయం మాత్రం అందుతుంది.

ఈ ఆటలు నిన్న మొన్న పుట్టినవి కావు. 2003లోనే జెరెమీ వింటర్‌రౌడ్ అనే ఆయన ఒక చిట్టడవి ఆట చేశాడు. అందరూ దాన్ని స్కేరీ మేజ్ గేమ్ అని పిలిచారు. ఒక చుక్కను గోడలకు తగలకుండా దారి వెంట నడిపించాలి. మొదటి లెవల్‌లో దారి వెడల్పు. తర్వాత ఇరుకు. మూడో లెవల్‌లో దారి దారమంత సన్నం. దాన్ని చూడాలంటే ముఖం తెరకు దగ్గరగా పెట్టక తప్పదు. ఆ దగ్గరితనం కోసమే దారిని అంత సన్నం చేశారు. ముఖం దగ్గరికి రాగానే ఎక్సార్సిస్ట్ సినిమాలో దయ్యం పట్టిన పిల్ల ముఖం, దాంతో పాటు కేక. 1973 నాటి సినిమా బొమ్మ అది. దాన్ని 30 ఏళ్ల తర్వాత చిన్న పిల్లల కళ్ల ముందుకు తెచ్చింది ఈ ఆట. అలాంటి ఆటలు నడిచిన ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేర్‌ను 2020 డిసెంబరు 31తో ఆపేశారు. ఆటలు మాత్రం ఆగలేదు. కొత్త రూపాల్లో, ఫోను బ్రౌజర్‌లోనే తెరుచుకునేటట్టు మళ్లీ వచ్చాయి. బాల్డీ ఆటకు కూడా ఇలాంటి నకళ్లు ఎన్నో ఉన్నాయి.

ఇక ఆ ఉలికిపాటు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇళ్లలో పిల్లలు ఎక్కువగా మాటలు పడేది ఇక్కడే. "గింతదానికే భయపడతవా? మొగపిల్లగానివి కాదా?" అంటాం. అన్నదమ్ములు నవ్వుతారు. వాడు ఎగిరిపడిన తీరును వీడియో తీసి నలుగురికీ పంపుతారు.

ఉలికిపడటం పిరికితనం కాదండి. అది ఒంటి పని. ఉన్నట్టుండి పెద్ద చప్పుడైతే ఆ కబురు చెవి నుంచి మెదడు అడుగు భాగానికి పోతుంది. అక్కడి నుంచి నేరుగా మెడకు, భుజాలకు, కనురెప్పలకు ఆజ్ఞ వెళ్తుంది. ఇది ఆట, ఇది బొమ్మ అని ఆలోచించే పైమెదడుకు సంగతి తెలిసేలోపే ఒళ్లు ఎగిరిపడి ఉంటుంది. సెకనులో పదో వంతు గడవకముందే రెప్పలు మూతపడతాయి. ధైర్యం చెప్పుకునే తీరిక ఎవరికీ ఉండదు.

చార్లెస్ డార్విన్ పేరు మీరు వినే ఉంటారు. జీవులు ఎలా మారుతూ వచ్చాయో చెప్పిన పెద్ద శాస్త్రవేత్త. ఆయన లండన్ జంతుప్రదర్శనశాలలో ఒక విషసర్పం ముందు నిలబడ్డాడు. మధ్యలో మందమైన అద్దం ఉంది. పాము కాటు వేసినా తాను వెనక్కి జరగకూడదని గట్టిగా అనుకొని అద్దానికి ముఖం దగ్గరగా పెట్టాడు. పాము కొట్టింది. ఆ క్షణమే ఆయన గజం రెండు గజాలు వెనక్కి దూకాడు. ఈ సంగతి ఆయనే 1872లో అచ్చయిన పుస్తకంలో రాసుకున్నాడు. అద్దం ఉందని తెలుసు. పాము ఏమీ చేయలేదని తెలుసు. అయినా ఒళ్లు ఆగలేదు.

1939లో లాండిస్, హంట్ అనే ఇద్దరు పరిశోధకులు తుపాకీ చప్పుడుకు మనుషులు ఎలా ఉలికిపడతారో వేగంగా తీసే కెమెరాతో చిత్రించి పుస్తకం వేశారు. తుపాకీ పేల్చడంలో ఆరితేరిన పోలీసులు కూడా రెప్ప వేయకుండా ఉండలేకపోయారు. అలాంటప్పుడు ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని పిరికివాడు అనడం న్యాయమా?

భయపడటంలో సరదా ఉంటుంది. నేనూ ఒప్పుకుంటాను. మన ఊళ్లలో యక్షగానం చూసి పెరిగిన వాళ్లకు ఇది తెలుసు. 2024లో పద్మశ్రీ అందుకున్న చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారిది మన పొరుగునే ఉన్న దేవరుప్పుల మండలం, అప్పిరెడ్డిపల్లి. యక్షగానంలో రాక్షస వేషం ఎలా వస్తుంది? ముందు తెర పడతారు. మద్దెల జోరు పెరుగుతుంది. తెర వెనక నుంచి అరుపులు వినిపిస్తాయి. నేను ఫలానా అని దరువు పాడుకుంటూ వస్తాడు. ఆలోపు పిల్ల తల్లి కొంగు పట్టుకుంటుంది. తండ్రి ఒళ్లోకి జరుగుతుంది. వేళ్ల సందుల్లోంచి చూస్తుంది. భయం ఉంది. దానికి సిద్ధపడే వ్యవధి ఉంది. పట్టుకోవడానికి చెయ్యి ఉంది. మర్నాడు ఆ పిల్లే వాకిట్లో రాక్షసుడిలా అరిచి ఆడుకుంటుంది.

సినిమా వాళ్లు ఆ వ్యవధిని తీసేశారు. 1942లో వచ్చిన క్యాట్ పీపుల్ అనే అమెరికా సినిమాలో, రాత్రి ఒంటరిగా నడుస్తున్న ఆడమనిషి వెనక ఏదో మృగం వస్తున్నదని మనం బిగుసుకుపోయి చూస్తుంటే, హఠాత్తుగా బస్సు బ్రేకు బుస్సుమంటుంది. ఆ ఒక్క బస్సు చప్పుడు నుంచి ఎంతోమంది నేర్చుకున్నారు. తెలుగులో రామ్ గోపాల్ వర్మ 1992లో తీసిన రాత్రి సినిమా చూసిన వాళ్లకు, నిశ్శబ్దం తర్వాత వచ్చే చప్పుడు ఎంత పని చేస్తుందో తెలుసు. అయినా సినిమాకు టికెట్టు కొని, భయపడతామని తెలిసే వెళ్తాం. లెక్కల ఆటలా కనిపించే ఆటలో పిల్లకు ఆ ఎంపిక లేదు.

ఇప్పుడు ఫోను సంగతి. ప్లే స్టోర్‌లో దింపుకునే ఆటకు ఎన్నేళ్ల పిల్లలకు తగినదో ఒక అంకె రాసి ఉంటుంది. 3 అని, 7 అని, 12 అని. ఆ అంకె చూడటం అలవాటు చేసుకోండి. బ్రౌజర్‌లో తెరుచుకునే ఆటకు సాధారణంగా ఆ అంకె ఉండదు. ఎవరో పంపిన లింకు నొక్కితే చాలు, ఆట మొదలు. దింపుకోవడం ఉండదు, అనుమతి అడగడం ఉండదు.

ఇంకొకటి గమనించండి. అలాంటి ఆటలు మొదట్లో "మొదలుపెట్టడానికి ఇక్కడ నొక్కండి" అంటాయి. 2018 నుంచి క్రోమ్ లాంటి బ్రౌజర్లలో, మనం తెర మీద ఎక్కడో ఒకచోట నొక్కితే తప్ప సాధారణంగా శబ్దం దానంతట అది మొదలు కాదు. ఆ మొదటి నొక్కుతో శబ్దానికి తలుపు తీసినట్టే. ఆ తర్వాత ఎప్పుడు అరవాలో ఆట ఇష్టం.

ఫోనును సైలెంట్‌లో పెట్టామని ధీమాగా ఉండకండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సైలెంట్ అంటే కాల్, మెసేజ్ మోగవు, అంతే. ఆట శబ్దం, వీడియో శబ్దం వస్తూనే ఉంటాయి. వాటిని విడిగా తగ్గించాలి. ఆట నడుస్తున్నప్పుడు పక్కనున్న మీట నొక్కి తగ్గించండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే ఇంకా జాగ్రత్త. పిల్లలు వినే శబ్దం 75 డెసిబెల్స్ దాటకూడదని, అది కూడా వారానికి 40 గంటల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జంప్ స్కేర్ కేక నేరుగా చెవి రంధ్రంలో పడుతుంది. మూర్ఛ వ్యాధి ఉన్న పిల్లలుంటే, తెర టకటకా మెరిసే ఆటలు అసలే ఇవ్వకండి.

సరే, పని మాట మళ్లీ చెబుతాను. ఆట తెరవండి. శబ్దం సగానికి తగ్గించండి. మీరే ఆడండి. మొదటి లెవల్ దాటండి. రెండోది దాటండి. కావాలని తప్పు జవాబు కొట్టండి. గోడకు తగలండి. ఓడిపోండి. ఓడిపోయినప్పుడు ఆట ఏం చేస్తుందో చూడండి. మళ్లీ ప్రయత్నించు అంటే మంచి ఆట. అరిచి మీద పడితే ఆ ఆట ఎవరికి ఇవ్వాలో మీకే తెలుస్తుంది. చదువు రాని నాయనమ్మ కూడా ఈ పని చేయగలదు. తప్పు జవాబు ఇవ్వడానికి లెక్కలు రావలసిన అవసరం లేదు కదా.

అప్పటికే పిల్ల జడుసుకొని ఉంటే? ముందు ఫోను లాక్కోకండి. పక్కన కూర్చోండి. చెయ్యి పట్టుకోండి. నీళ్లు తాగించండి. గుండె దడ తగ్గనివ్వండి. మన దగ్గర జడుసుకున్న పిల్లకు అంత్రం కట్టిస్తారు. కట్టించినా సరే, ఏం చూశావో చెప్పు బిడ్డా అని అడగడం మాత్రం మానకండి. చెప్పుకున్న భయం తగ్గుతుంది. మర్నాడు పగటి వెలుగులో, పిల్ల సరేనంటేనే, శబ్దం పూర్తిగా తీసేసి ఆ ఆటను ఇద్దరూ కలిసి చూడండి. ఆ ముఖం ఒట్టి బొమ్మ అని, దాన్ని ఒక మనిషి గీశాడని, చప్పుడు లేకపోతే అది ఏమీ చేయలేదని పిల్లే కనిపెడుతుంది. పిల్ల వద్దంటే బలవంతం చేయకండి. రోజులు గడిచినా నిద్ర పట్టకపోతే, బడికి పోనంటే, డాక్టరుకు చూపించండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ ప్రసంగం విని ఇంట్లో ఆటలన్నీ బంద్ చేయకండి. 2017లో బ్లూ వేల్ అనే ఆట గురించి దేశమంతా ఎంత కలవరం చెలరేగిందో గుర్తుందా? ఆ ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్ లాంటి సంస్థలను ఆ లింకులు తీసేయమని కోరింది. తర్వాత 2018 జనవరిలో, విచారణ జరిపిన కమిటీ ఏ మరణానికీ ఆ ఆటే కారణమని తేల్చలేకపోయిందని ప్రభుత్వమే లోక్‌సభకు తెలిపింది. పుకారు విని పెద్దవాళ్లు బెంబేలెత్తితే పిల్లలు మనతో చెప్పడం మానేస్తారు. చాటుగా ఆడతారు. చాటుగా భయపడతారు. మన కళ్ల ముందు ఆడే పిల్లను కాపాడుకోవడం తేలిక.

పెద్ద పిల్లలారా, మీకు కూడా ఒక విన్నపం. ఇలాంటి లింకు తమ్ముడికో, చెల్లెకో, గుండె జబ్బున్న తాతకో తమాషాకు పంపకండి. మీరు ఆడండి, మీ దోస్తులతో కలిసి ఆడండి, కేకలు వేసి నవ్వుకోండి. తెలిసి భయపడే వాళ్లకే అందులో సరదా.

చివరగా, వరంగల్‌లో, జనగామలో, హైదరాబాదులో కంప్యూటర్ చదువులు చదువుతున్న మన ఊళ్ల యువకులకు, యువతులకు చెబుతున్నాను. మీలో కొందరు ఆటలు తయారు చేస్తారు. భయపెట్టే ఆట కూడా చేయండి. మన దయ్యాల కథలతో, మన యక్షగాన వేషాలతో చేస్తే ఎంత బాగుంటుంది! అయితే ఆట మొదటి తెర మీద, తెలుగులో, పెద్ద అక్షరాలతో ఒక్క వాక్యం రాయండి. ఈ ఆటలో హఠాత్తుగా భయపెట్టే బొమ్మలు, కేకలు ఉన్నాయి, చిన్న పిల్లలకు ఇవ్వవద్దు అని రాయండి. ఇందుకు మీకు పైసా ఖర్చు లేదు. దయచేసి ఆ వాక్యం రాయకుండా ఏ ఆటనూ బయట పెట్టకండి.